అడవి దారిలో బాదల్

ధనుంజయకు పాత కార్లంటే ప్రాణం. కారెక్కడమంటే మాత్రం ప్రాణభయం.

మదనపల్లెలో బెంగళూరు బస్టాండు దగ్గర ఆయనకు కళ్లద్దాల అంగడి ఉంది. యాభై దాటిన మనిషి. అంగడిలో కూర్చుని గిరాకీ ముక్కు మీద అద్దాలు సర్దుతూనే రోడ్డు మీద పోయే ప్రతి బండినీ ఓ కంట కనిపెడుతుంటాడు. ఏ ఊళ్లోనైనా కల్యాణమండపం ముందో, రైసుమిల్లు ఆవరణలోనో పాతకాలపు కారు కనబడిందంటే బస్సు దిగి మరీ పోతాడు. చుట్టూ రెండు ప్రదక్షిణలు చేస్తాడు. దీపాల గూడు చూసి, తలుపు పిడి చూసి, ఇది ఏ కాలందో చెబుతాడు. అదే మనిషిని స్టీరింగు పట్టుకోమంటే అరచేతులకు చెమటలు పడతాయి. ఊరికే పక్కన కూర్చున్నా సరే, ఎదురుగా లారీ వస్తే ఆయన కాళ్లు రెండూ అక్కడ లేని బ్రేకును తొక్కుతుంటాయి. భార్య రూప ఈ సంగతి అభినయించి చూపించి చుట్టాలను నవ్విస్తుంది.

ఈ పిచ్చిలో ఆయనకు తోడు మాధవి. పుంగనూరు పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. ఆయన కన్నా పదిహేనేళ్లు చిన్నది. కొన్నేళ్ల కిందట పుంగనూరులో ఒక పాత స్టాండర్డ్ హెరాల్డు కారు ముందు ఇద్దరూ తారసపడ్డారు. ధనుంజయ దీపాలు చూస్తున్నాడు. మాధవి కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వింటోంది. "ఒక ప్లగ్గు సరిగా కొట్టడంలా" అని ఆమె అంటే, "మీరు మెకానిక్కా అమ్మా?" అని ఆయన అడిగాడు. "గొడ్ల డాక్టరు దగ్గర పని సేస్తాను. అదీ ఇదీ ఒకటేలే అన్నా, యాడ నొప్పి పుడతాండాదో అవి సెప్పవు" అందామె. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి ఫోనులో ఒక గ్రూపు నడుపుతున్నారు. పలమనేరు, కుప్పం, తంబళ్లపల్లె దాకా జనం ఉన్నారు అందులో. ఎవరికి ఏ బండి కనబడినా ఫొటో పెట్టాలి. మిగతా వాళ్లు అది ఏమిటో తేల్చాలి. అంతే ఆట.

ఆ ఎండాకాలం కుప్పం నుంచి భీమరావు ఒక ఫొటో పెట్టాడు. రైల్వేలో టికెట్లిచ్చే ఉద్యోగి ఆయన. కుప్పం పక్క పల్లెలో పశువుల కొట్టం, అందులో వరిగడ్డి వామి, ఆ గడ్డిలోంచి బయటికి చాచిన నీలం రంగు ముక్కు ఒకటి.

గ్రూపులో రగడ మొదలైంది. డాల్ఫిన్ అనే పాత కారు ఇది అన్నది మాధవి. ధనుంజయ ఒప్పుకోలేదు.

"డాల్ఫిన్‌కు ముందర రెండు చక్రాలుంటాయి గదమ్మా. ఈ ముక్కు కింద రెండు చక్రాలకు తావు యాడుండాది? సరిగా సూడు" అని మాట రికార్డు చేసి పంపాడు.

"గడ్డి కప్పేసింది అన్నా. నువ్వు గడ్డిని సూసి సెప్తాండావు."

వాదన తేలక చివరికి భీమరావే మళ్లీ ఆ పల్లెకు పోయి, పేడలో బోర్లా పడుకుని, టార్చి వేసి చూశాడు. ముందర ఒకే ఒక్క చక్రం. బాదల్. చాన్నాళ్ల కిందట బెంగళూరులో తయారైన మూడు చక్రాల కారు. ఒళ్లంతా ఫైబరు, ఇనుము తక్కువ. ఇంజను వెనక ఉంటుంది, స్కూటరులా పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. అప్పట్లోనే తక్కువ మంది దగ్గర ఉండేది, ఇప్పుడు కళ్లతో చూసినవాళ్లే తక్కువ. ఆ సాయంత్రం ధనుంజయ అంగడి తొందరగా మూసేసి, ఇంటికి పోయి, ఆ ఫొటోనే చూస్తూ కూర్చున్నాడు.

ఆ బండి సరస్వతమ్మది. ఆమె భర్త వెంకటరమణప్ప పట్టుగూళ్ల వ్యాపారి. ఆ నీలం బండిలో వెనక సీటు నిండా గూళ్లు పోసుకుని సంతలకు తిరిగేవాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. చూడడానికి వచ్చిన మాధవితో ఆమె ఒకటే మాట చెప్పింది. "మా అల్లుడు ఆ కొట్టం పడగొట్టి కోళ్లషెడ్డు కడతాడంట. తునకలు సేసి పాత సామాన్లోనికి ఎయ్యకముందే, దాన్ని బాగా సూసుకునేవాళ్లుంటే తోలుకొని పోండి. నాకేమీ ఇయ్యబళ్లేదు."

మాధవి వీలున్నప్పుడల్లా పుంగనూరు నుంచి కుప్పం పోయి కార్బొరేటరు విప్పి కడిగింది, ఆటో టైర్లు తెచ్చి వేయించింది. ఒక రోజు ఆ ఇంజను దగ్గి, నీలంగా పొగ వదిలి, పటపటమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆమె గ్రూపులో పెడితే ధనుంజయ పదేపదే విన్నాడు.

తీరా తెచ్చుకునే రోజు ధనుంజయ కూడా ఆ పల్లెకు వచ్చాడు గానీ, మాట్లాడుకున్న మినీ లారీ రాలేదు. మామిడికాయల కాలం. జిల్లాలో చక్రమున్న ప్రతిదీ కాయలు మోస్తోంది. డ్రైవరు ఫోను ఎత్తడం మానేశాడు. మర్నాడు పొద్దున కొట్టం పడగొట్టే మనుషులు వస్తారు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి మాధవి చేతులు దులుపుకుని లేచింది.

"తోలుకొని పోదాం అన్నా."

ధనుంజయ ఒక అడుగు వెనక్కి వేశాడు. "పుంగనూరు దాకానా? దీంట్లోనా?"

"మెల్లగా పోదాం. పలమనేరు సేరితే సాలు, ఆడ మనోళ్లు ఉండారు."

ఇంకో చిక్కు కూడా ఉంది. బండి పెట్రోలు ట్యాంకును తుప్పు తినేసింది. దాని బదులు ఒక ప్లాస్టిక్ డబ్బాకు గొట్టం తగిలించి ఇంజనుకు ఇచ్చింది మాధవి. ఆ డబ్బాను వెనక సీట్లో ఎవరో ఒకరు ఎత్తి పట్టుకుని కూర్చోవాలి. కిందికి దించితే ఇంజను ఆగిపోతుంది. భీమరావుకు డ్యూటీ ఉంది. ఇక మిగిలింది ధనుంజయ.

కాదనడానికి నోరు తెరిచాడు. కొట్టం వాకిట్లో నీలం బండి నిలబడి ఉంది. దుమ్ము తుడిస్తే ఒంటికి పాత పలకలాంటి మెరుపు వచ్చింది. పొద్దున్నకు ఇది ముక్కలవుతుందనుకుంటే నోరు దానంతటదే మూసుకుంది. డ్రైవరు తలుపు తప్ప మిగిలినవన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. ముందు సీటు వంచి, వెనక్కి దూరి, డబ్బా గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. సరస్వతమ్మ ఒక బుట్టెడు పండిన మామిడిపండ్లు తెచ్చి ముందు సీట్లో పెట్టింది. బండి కదులుతుంటే ముక్కు మీద చెయ్యి వేసి నాలుగడుగులు పక్కనే నడిచింది, గొడ్డును సాగనంపినట్టు.

వి.కోట దాకా ధనుంజయ కళ్లు తెరిచింది తక్కువ. లారీ దాటినప్పుడల్లా ఆ గాలికి బండి పక్కకు జరిగేది. పెట్రోలు ఆవిరి కళ్లలో మండుతోంది. మోటారు సైకిళ్ల మీద పిల్లకాయలు పక్కపక్కనే వస్తూ ఫోన్లతో ఫొటోలు తీస్తున్నారు. "ఇది ఏం బండి అన్నా?" అని ఒకడు అరిస్తే, భయంలో కూడా ఆయనకు జవాబు చెప్పాలనిపించింది, కానీ డబ్బా వదిలితే ఆగిపోతుందని ఊరుకున్నాడు. మాధవి మాత్రం పాట పాడుకుంటోంది.

వి.కోట దాటాక గొట్టం ఊడింది. దాన్ని సరిచేసి బిగించేసరికి ఎండ పచ్చబడింది. మళ్లీ కదిలి, కొండల మధ్య అడవి దారిలో పడేసరికి సూర్యుడు చెట్ల వెనక్కి పోయాడు. వెలుతురు ఉంది, నీడలు లేవు. రోడ్డు పక్కన ఏనుగులు తిరిగే చోటని రాసిన పసుపు బోర్డు ఒకటి దాటింది.

"సూస్తివా?" అన్నాడు ధనుంజయ.

"సూస్తి. ఎప్పుడూ ఉండేదే గదా ఆ బోర్డు" అంది మాధవి. పాట మాత్రం ఆపేసింది.

ఆ బోర్డు ఎందుకుందో ఇద్దరికీ తెలుసు. మామిడి పండే కాలంలో ఏనుగులు కొండ దిగి తోటల మీద పడతాయి. ఆ పక్క పల్లెల్లో కాపలాకు పోయి తిరిగి రాని రైతుల గురించి ఏటా వింటూనే ఉంటారు.

దారి దిగుడుకు వచ్చి, రోడ్డు కింద నీళ్లు పోయే ఒక మోరీ మీదికి చేరేసరికి ఇంజను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

ఇంజను చప్పుడు పోయాక అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. కీచురాళ్లు కూడా అరవడం లేదు. మాధవి దిగి వెనక్కి పోయి ఇంజను మూత ఎత్తింది. ఆ మూత లేచాక ఆమెకు బండి ముందున్న రోడ్డు కనబడదు.

"గొట్టంలో గాలి పట్టినట్టుండాది. డబ్బా ఎత్తి పట్టుకో అన్నా" అని వెనక నుంచి చెప్పింది.

ధనుంజయ ఎత్తి పట్టుకున్నాడు. ముందు అద్దంలోంచి ఎదురుగా రోడ్డు కనిపిస్తోంది. మలుపు దగ్గర, రోడ్డుకు ఎడమ పక్కన, చింతచెట్టు కింద పెద్ద బండరాయి ఉంది. ఆ దారిలో అలాంటి రాళ్లు ఎన్నో. ఆయన దాని వైపు ఊరికే చూస్తున్నాడు.

ఆ బండరాయి చెవి ఆడించింది.

మొదట కళ్లు మోసం చేశాయనుకున్నాడు. రాయి ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకొకటి. రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. తొండం ఎత్తి గాలిలో అటూ ఇటూ తిప్పి, బండి వైపు తిప్పి ఆపింది. అప్పుడు ధనుంజయకు ముందు సీట్లో ఉన్న బుట్ట గుర్తొచ్చింది. మధ్యాహ్నం నుంచీ పెట్రోలు కంపులో కూర్చున్న ఆయన ముక్కుకే ఆ పండ్ల తీపి తగులుతోంది.

"మాధవీ" అన్నాననుకున్నాడు. గాలి తప్ప మాట రాలేదు.

వెనక గోడను వేళ్లతో తట్టాడు.

"ఇంకొంచెం ఎత్తు అన్నా, వస్తాండాది" అంది మాధవి.

మళ్లీ తట్టాడు. ఆమె తన ధోరణిలో గొట్టం పిండుకుంటోంది. ఏనుగు నడక మొదలుపెట్టింది. తొందరేమీ లేదు దానికి. తోటలో పని ముగించుకుని ఇంటికి పోయే మనిషి నడిచినట్టు నడుస్తోంది. చప్పుడే లేదు. అంత పెద్ద ఒళ్లు రోడ్డు మీద అలా చప్పుడు లేకుండా రావడమే ధనుంజయకు వెన్నులో చలి పుట్టించింది.

ఆయన మనసు ఒకటి చెప్పింది. డ్రైవరు తలుపు తెరిచే ఉంది, దాని పక్కనే రోడ్డు అంచు, అంచు కింద మోరీ. దూరిపోవచ్చు. కాళ్లు అప్పటికే ఆ వైపు లాగుతున్నాయి. కానీ దాన్ని దాటి రెండు బారలు వెనక్కి పోతే మాధవి ఉంది, మూత అవతల, ఏమీ తెలియకుండా.

డబ్బా కింద పెట్టాడు. తొందరలో సగం పెట్రోలు తొడల మీద ఒలికింది. ముందు సీటు మీదుగా పాకి బయటపడ్డాడు. బండిని పట్టుకుని ఒంగి ఒంగి వెనక్కి పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"డబ్బా యాల వదిలి—" అని తల ఎత్తిన మాధవి ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన కళ్లతో ముందుకు చూపించాడు. మూత పక్కనుంచి ఆమె తొంగిచూసి, తల వెనక్కి తీసుకుంది. పెదవులు తెల్లబడ్డాయి.

"పరిగెత్తొద్దు" అంది, ఊపిరంత చిన్నగా.

ఇద్దరూ బండి వెనక కూలబడ్డారు. మధ్యలో ఒక ఫైబరు బొమ్మలాంటి బండి. అవతల ఏనుగు. దాని ఊపిరి వినబడుతోంది, తోలుతిత్తిలోంచి గాలి వదిలినట్టు. తొండం పైకప్పు మీద పాకుతున్న చప్పుడు, గోనెసంచి గోడకు రాసినట్టు. అద్దం పగిలింది. బుట్ట కరకరమని నలిగింది. తర్వాత నమలడం. నిదానంగా, పండు తర్వాత పండు.

పండ్లు అయిపోయేదాకా ఇక్కడే ఉంటే చాలేమో, తిని పోతుందేమో అని ధనుంజయ అనుకుంటుండగానే, వాళ్ల వీపు వెనక పొదల్లో కొమ్మ విరిగింది.

చిన్నది. గున్న ఏనుగు. రోడ్డు దాటాలని వచ్చి, వీళ్లను చూసి బిక్కచచ్చి నిలబడింది. ఒంటి మీద ఎర్రమట్టి. ముద్దుగా ఉంది. అంత ముద్దైన దాన్ని చూసి అంత భయపడడం ధనుంజయ జన్మలో ఎరగడు. బండికి ఆ పక్క తల్లి, ఈ పక్క బిడ్డ, మధ్యలో తాము.

గున్న కీచుమని అరిచింది.

నమలడం ఆగింది. ఆ తర్వాత వచ్చిన అరుపు చెవులతో కాదు, ఎముకలతో విన్నాడు ధనుంజయ. బండి ముక్కుకు దెబ్బ తగిలింది. బ్రేకు వెయ్యని బండి వెనక్కి దొర్లి వాళ్లను రోడ్డు మీద తోసుకుంటూ పోయింది. మాధవి పడింది. వెనక చక్రం ఆమె చెప్పు మీదికెక్కి, వేళ్లతో సహా నొక్కి పట్టింది.

"అన్నా, కాలు" అంది.

ధనుంజయ బండికి వీపు ఆనించి, మడమలు రోడ్డుకు తన్ని ఎత్తాడు. జీవితంలో బియ్యం బస్తా కూడా ఎత్తని మనిషి. అవతల నుంచి ఏనుగు తోస్తోంది, ఇవతల ఆయన ఎత్తుతున్నాడు. ఒక్క క్షణం అది తల వెనక్కి తీసినట్టుంది, బండి తేలికై చక్రం లేచింది. మాధవి కాలు లాక్కుంది. ఇద్దరూ దొర్లుకుంటూ రోడ్డు అంచు దిగి, మోరీ గొట్టంలోకి దూరారు.

లోపల చీలమండల దాకా బురద, పగిలిన సీసాలు, చచ్చినదేదో వాసన. గొట్టం సన్నగా ఉంది, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చోవాల్సి వచ్చింది. నెత్తి మీద రోడ్డు. ఆ రోడ్డు మీద బాదల్ పగులుతోంది. ఇనుము అయితే కిరకిరమంటుంది. ఇది ఎండిన కొబ్బరి మట్టలు విరిగినట్టు పెళపెళమంది. ఒక్కో చప్పుడుకూ మాధవి ఒళ్లు ఉలిక్కిపడుతోంది. ఆమె ఏడవడం లేదు, ధనుంజయ చొక్కా చెయ్యి పిడికిట్లో పట్టుకుని పళ్ల మధ్య పెట్టుకుంది.

పైన చప్పుడు ఆగింది. అడుగులు పక్కకు జరిగాయి. మట్టిపెళ్లలు గొట్టం ముందు రాలాయి. వెలుతురు తగ్గింది.

తొండం లోపలికి వచ్చింది.

తడిగా, కొసన వేలు లాంటి దానితో, గోడలు తడుముకుంటూ వచ్చింది. సీసాను కదిపింది. బురదను పీల్చి వదిలింది. ధనుంజయ వెనక్కి జరగలేడు, వెనక మాధవి ఉంది. కళ్లు మూసుకోవాలనుకున్నాడు, రెప్పలు పడలేదు. రూప గుర్తుకు రాలేదు, దేవుడు గుర్తుకు రాలేదు. తన ఒంట్లోంచి వెచ్చగా ఏదో తొడల మీదికి కారుతోందని మాత్రం తెలిసింది. తొండం ఆయన మోకాలిని తాకింది. తాకి ఆగింది. పెట్రోలుతో తడిసిన ప్యాంటు మీద ముక్కుపుటాలు రెండుసార్లు తెరుచుకున్నాయి. ఒక్కసారిగా బుస్సుమని గాలి వదిలి, వేడి తుంపర ఆయన ముఖాన కొట్టి, తొండం వెనక్కి పోయింది. పెట్రోలు ఘాటుకో, బిడ్డ మళ్లీ పిలిచిందనో, ఎందుకో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు.

ఆ తర్వాత ఎంతసేపు అలా ఉన్నారో చెప్పలేరు. ఎక్కడో టపాకాయలు పేలాయి. డప్పు మోగింది. మనుషుల కేకలు. రోడ్డు మీద టార్చి వెలుగులు తిరిగాయి.

"లోపల ఎవురన్నా ఉండారా? ఏనుగులు పాయె, బయటికి రాండి" అని ఒక గొంతు.

మాధవి సీసా ముక్క తీసి గొట్టం మీద కొట్టింది.

ఆ గొంతు ఏనుగులను తరిమే మనిషి మునస్వామిది. వెనక వచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు దిగుడు పైనే బస్సు ఆపేసి ఫోను చేస్తే పరిగెత్తుకొచ్చాడట. ఆయన చెయ్యి పట్టి ఇద్దరినీ పైకి లాగాడు. ధనుంజయ రోడ్డు మీదే కూర్చున్నాడు. ప్యాంటు తడిసిన సంగతి అందరికీ కనబడుతుందని ఆయనకు అప్పుడు స్ఫురించింది. బస్సు ప్రయాణికులు టార్చీలు పట్టుకుని వస్తున్నారు. మాధవి తన చున్నీ తీసి ఆయన ఒళ్లో పరిచింది.

"పెట్రోలు ఒలికింది అన్నకు. ఎవురూ బీడీ ముట్టీయొద్దండి" అంది చుట్టూ ఉన్నవాళ్లతో.

బాదల్ ఇక బండి కాదు. పైకప్పు నేలకు అతుక్కుంది. ముందు చక్రం పొదల్లో పడింది. నీలం పెంకులు రోడ్డంతా చెదిరి, టార్చి వెలుగులో అక్కడక్కడా మెరుస్తున్నాయి. మధ్యలో మామిడి టెంకలు.

మునస్వామి ఒక పెంకు తీసి గోటితో గీకి చూశాడు. "ఇదేం బండి సామీ? ఆటోనా? ప్లాస్టిక్ మాదిరుండాదే."

ధనుంజయ ఆ పెంకు చేతిలోకి తీసుకున్నాడు. "ఆటో కాదప్పా" అన్నాడు. "కారు ఇది. బాదల్ అంటారు. బెంగళూర్లో సేసినారు. ముందర ఒకే సక్రం. ఇంజను ఎనక ఉంటాది. సానా తక్కువ ఉండాయి ఇట్లాంటివి." చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. బండి కోసమా, తన కోసమా అని అడిగితే చెప్పలేకపోయేవాడు. మునస్వామి పక్కన గొంతుక్కూర్చుని, అంతా విని, "అట్లనా" అన్నాడు. భుజాన ఉన్న తువ్వాలు తీసి ఇచ్చాడు.

పలమనేరు ఆసుపత్రిలో మాధవి కాలి వేళ్లకు కట్టు కట్టారు. అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు ధనుంజయ అన్నాడు.

"పరిగెత్తొద్దని నువ్వు సెప్పకపోయుంటే నేను పరిగెత్తేవాణ్ని. జంతువుల సంగతి తెలిసినదానివి కాబట్టి సరిపోయె."

మాధవి కట్టు కట్టిన కాలు బెంచీ మీదికి ఎత్తి పెట్టుకుంది. "నాకేం తెలుసన్నా? ఆవులు, గొర్రెలే నాకు తెలిసింది. నా కాళ్లు రాలా. అందుకే పరిగెత్తొద్దంటి."

మర్నాడు సరస్వతమ్మకు ఫోను చేయడం ధనుంజయకు ఏనుగు కన్నా కష్టమనిపించింది. జరిగింది చెప్పాడు. అవతల నుంచి కొట్టం పడగొడుతున్న గడ్డపారల చప్పుడు వినబడుతోంది.

"మీకిద్దరికీ ఏం కాలేదు గదా నాయనా?"

"లేదమ్మా. ఆయమ్మికి కాలికి దెబ్బ తగిలింది. బండే… బండి పాయె. నమ్మి ఇస్తిరి మీరు."

"నేనే గదా పండ్లు పెట్టింది" అంది సరస్వతమ్మ. "రాత్రంతా నిద్ర లేదు నాకు. టీవీలో సూపించిరి. బండి ఆయన్ది. ఆయనే లేడు, బండికేముండాది. మీరిద్దరూ ఒకసారి రాండి. కండ్లారా సూస్తే గానీ నాకు మనసు కుదురుకోదు."

మాధవి నడవగలిగాక ఇద్దరూ బస్సులో కుప్పం పోయారు. అప్పటికీ ధనుంజయకు రాత్రుళ్లు మోకాలి మీద తడి తగిలినట్టు మెలకువ వస్తోంది. అంగడిలో గోనెసంచి ఈడ్చిన చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాడు. గ్రూపులో అందరూ ఆ బండి గురించి, దాని పెంకుల గురించి, పొదల్లో దొరికిన చక్రం గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన చదువుతున్నాడు గానీ ఏమీ రాయడం లేదు.

పట్టపగలు. బస్సు నిండా జనం. అయినా పలమనేరు దాటి అడవి మొదలయ్యేసరికి ఆయన ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. దిగుడు వచ్చినట్టు ఒంటికి తెలిసింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"దాటేసినామా?" అని అడిగాడు కాసేపటికి.

"దాటేసినాం అన్నా" అంది మాధవి.

కళ్లు తెరిచి చూశాడు. కిటికీలోంచి ఇంకా ఆ మోరీ కనబడుతూనే ఉంది. పక్కన మాధవి కళ్లు మూసుకుని, చున్నీ కొస పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ధనుంజయ ఆమెను కదిలించలేదు. అడవి అయిపోయి, వి.కోట మొదటి ఇండ్లు కనిపించేదాకా తనే కళ్లు తెరుచుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.